కొలతలు లేని వాగుకు వరద లెక్క

కొండపల్లి పేరు చెబితే చాలామందికి పొణికి కర్ర బొమ్మలు, కొండ మీద ఖిల్లా గుర్తొస్తాయి. విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ వాళ్లకు మాత్రం 2024 నుంచి ఆ పేరుతో పాటు ఇంకో మాట కూడా గుర్తొస్తోంది: గండి.

ఆ ఏడాది ఆగస్టు 31న బంగాళాఖాతంలోని వాయుగుండం కళింగపట్నం వైపు కదులుతుండగా ఇక్కడ ఎన్టీఆర్ జిల్లాలో, పక్కనే ఖమ్మం జిల్లాలో ఆకాశానికి చిల్లు పడింది. మైలవరం, కొండపల్లి కొండల మీద పడ్డ వాన వాగులన్నీ నింపుకుంటూ బుడమేరులోకి దిగింది. మామూలు రోజుల్లో ఈ నీటిని వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర ఆపి, మళ్లింపు కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుపుతారు. ఆ రోజు వచ్చిన నీరు కాలువ పట్టగలిగినదాన్ని ఎప్పుడో దాటేసింది. రెగ్యులేటర్ గేట్లు ఎత్తారు. కవులూరు, కొండపల్లి శాంతినగర్ ప్రాంతాల్లో కాలువ కట్టలకు గండ్లు పడ్డాయి. ఆ నీరంతా బుడమేరు పాత దారి పట్టి నగరం మీదకు వచ్చింది. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. లక్షల మంది రోజుల తరబడి నీళ్ల మధ్యే ఉండిపోయారు. సైన్యం సాయంతో గండ్లు పూడ్చేసరికి సెప్టెంబరు 7 వచ్చింది.

అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ కూడా పోటెత్తింది. ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి, 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల రికార్డును చెరిపేసింది. నదిలోనే మట్టం అంత ఎత్తున ఉంటే మళ్లింపు కాలువ నీటికి దిగే చోటు దొరకదు. అలా పెద్ద వరద చిన్న వరదకు అడ్డం పడింది.

రెండు వరదలూ ఒకే సమయంలో వచ్చినవే. ముందే లెక్కగట్టడం దగ్గర మాత్రం రెండింటికీ పోలిక లేదు. కృష్ణ మీద శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల ఉన్నాయి. ఏ గేటు ఎంత ఎత్తారో, ఎన్ని క్యూసెక్కులు వదిలారో గంటగంటకూ తెలుస్తుంది. ఆ నీరు బ్యారేజీకి ఎప్పుడు చేరుతుందో చెప్పే అనుభవం ఇంజనీర్లకు ఉంది. కేంద్ర జల సంఘం 1958లో ఢిల్లీలో యమున మీద వరద అంచనాలు మొదలుపెట్టింది. అప్పటి నుంచి దేశంలోని పెద్ద నదుల మీద కొలతలు పోగవుతూనే ఉన్నాయి. బుడమేరు లాంటి కొండవాగుల సంగతి వేరు. కొండ మీద కురిసిన వాన కిందికి రావడానికి కొద్ది గంటలు చాలు. దశాబ్దాల తరబడి ఎడతెగకుండా రాసిపెట్టిన ప్రవాహ చరిత్ర ఇలాంటి వాగుల్లో చాలావాటికి ఉండదు. ప్రపంచం మొత్తం మీద చూసినా అంతే. ప్రవాహాన్ని క్రమం తప్పకుండా కొలిచే పరివాహక ప్రాంతాలు కొద్ది శాతమే.

కృత్రిమ మేధ (ఏఐ) విజ్ఞాన శాస్త్రానికి ఏం చేస్తోందో చూడాలంటే ఈ కొలతలు లేని వాగుల కథ మంచి ఉదాహరణ. జలశాస్త్రంలో ఎన్నో ఏళ్లుగా తెగని చిక్కు ఇది. గత ఏడెనిమిదేళ్లలోనే దాని ముడి కాస్త వదులైంది.

పాత లెక్క ఎక్కడ ఆగింది

వాన పడితే వాగులోకి ఎంత నీరొస్తుంది? వినడానికి ఇది సులువైన ప్రశ్నే. నేల ఎండి ఉంటే మొదటి వానను తాగేస్తుంది. వారం రోజులుగా నాని ఉంటే పడ్డ చుక్క పడ్డట్టే జారిపోతుంది. వాలు, అడవి, రాతి పొరలు, చెరువులు అన్నీ లెక్కను మారుస్తాయి. 20వ శతాబ్దంలో జలశాస్త్రజ్ఞులు ఈ దశలను సమీకరణాల్లోకి తెచ్చారు. నేలను నీటి తొట్టెల వరుసగా ఊహించి, పై తొట్టె నిండితే కింది దానిలోకి, అది నిండితే వాగులోకి నీరు పోతున్నట్టు లెక్కలు కట్టారు. అమెరికాలో దశాబ్దాలుగా వాడుతున్న శాక్రమెంటో నమూనా ఈ కోవలోదే.

అయితే ఆ తొట్టెలు ఎంత లోతు, ఎంత వేగంగా కారతాయి అన్నవి ఒక్కో నదికి ఒక్కో రకం. ఆ సంఖ్యలను సరిచేయాలంటే ఆ నదిలోనే ఏళ్ల తరబడి కొలిచిన ప్రవాహం కావాలి. కొలతలు లేని వాగు దగ్గర నమూనా చేతులెత్తేస్తుంది. పక్క నది సంఖ్యలు అరువు తెచ్చి పెడితే ఫలితం తరచూ తప్పుతుంది. అంతర్జాతీయ జలశాస్త్ర సంఘం 2003 నుంచి 2012 వరకు ఒక దశాబ్దాన్ని ఈ ఒక్క సమస్యకే కేటాయించింది. ఎన్నో విషయాలు తెలిశాయి కానీ అన్నిచోట్లా పనిచేసే పరిష్కారం మాత్రం దొరకలేదు.

వందల నదుల దగ్గర చదువు

మార్పు ఊహించని దిక్కు నుంచి వచ్చింది. జర్మన్ శాస్త్రవేత్తలు సెప్ హోక్రైటర్, యుర్గెన్ ష్మిడ్‌హూబర్ 1997లో ఎల్‌ఎస్‌టీఎం అనే నాడీజాల (న్యూరల్ నెట్‌వర్క్) పద్ధతిని ప్రకటించారు. ఒక వరుసలో వచ్చే సమాచారంలో ఏది గుర్తుంచుకోవాలి, ఏది వదిలేయాలి అన్నది ఈ యంత్రం తనంతట తానే నేర్చుకుంటుంది. మాటలు గుర్తించడానికి, భాషలు అనువదించడానికి దీన్ని విరివిగా వాడారు. ఆస్ట్రియాలో ఫ్రెడరిక్ క్రాట్జెర్ట్ దాన్ని నదుల మీద ప్రయోగించాడు. ఆలోచిస్తే రెండింటికీ పోలిక ఉంది. ఈ రోజు వాగు ఎంత పారుతుందన్నది ఈ రోజు వాన ఒక్కదాని మీదే కాక, గడచిన నెలల్లో నేల దాచుకున్న తేమ మీద కూడా ఆధారపడుతుంది. జ్ఞాపకం ఉన్న యంత్రానికి తగిన పనే అది.

అసలు మలుపు 2019లో. క్రాట్జెర్ట్ బృందం అమెరికాలోని 531 పరివాహక ప్రాంతాల సమాచారాన్ని ఒకే యంత్రానికి నేర్పింది. వాన, ఉష్ణోగ్రత, ఎండ వివరాలతో పాటు ప్రతి ప్రాంతం వాలు, నేల రకం, అడవి విస్తీర్ణం లాంటివి ఇచ్చింది. తర్వాత కొన్ని నదులను పక్కనపెట్టి మిగతా వాటితోనే నేర్పి, ఎప్పుడూ చూడని ఆ నదుల ప్రవాహాన్ని చెప్పమంది. ఫలితం చాలామంది జలశాస్త్రజ్ఞుల అంచనాలను తలకిందులు చేసింది. ఆ నదుల కొలతలతోనే సరిదిద్దిన శాక్రమెంటో నమూనా కన్నా, వాటిని ఎన్నడూ చూడని యంత్రం సగటున మెరుగ్గా చెప్పింది.

కాలువల మీద పనిచేసే అనుభవజ్ఞుడైన లస్కర్‌ను తీసుకెళ్లి కొత్త కాలువ మీద వేస్తే, కట్ట తీరు, మట్టి రంగు చూసి ‘ఇక్కడ ఇంత వానకు ఇంత నీరొస్తుంది’ అని ఉజ్జాయింపుగా చెప్పగలడు. ఈ యంత్రం వందల వాగుల మీద డ్యూటీ చేసి వచ్చిన లస్కర్ లాంటిది. పాత నమూనాలు ఒక్కో నదిని విడిగా చదివేవి. ఇది అన్నింటినీ కలిపి చదివి, తేడాలు ఎందుకు వస్తున్నాయో పట్టుకుంది. అందుకే ఒకే నది సమాచారంతో నేర్పిన ఎల్‌ఎస్‌టీఎం కన్నా వందల నదులతో నేర్పినది, ఆ ఒక్క నది విషయంలో కూడా బాగా పనిచేస్తుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

యంత్రం లోపల ఏం జరుగుతోందో కూడా చూశారు. కొండల మీద మంచు ఎంత పేరుకుందన్న వివరం దానికి ఎవరూ ఇవ్వలేదు. అయినా దాని జ్ఞాపక కణాల్లో ఒకదాని విలువ చలికాలంలో మెల్లగా పెరిగి, మంచు కరిగే రోజుల్లో పడిపోతూ కనిపించింది. నది తీరును సరిగ్గా చెప్పాలంటే మంచు లెక్క కావాలని యంత్రం తనకు తానే కనిపెట్టిందన్నమాట.

చూడని వరద వస్తే?

ఇక్కడ అనుమానం రావడం సహజం. పాత సమాచారంతో నేర్చుకున్న యంత్రానికి, ఎన్నడూ చూడనంత పెద్ద వరద వస్తే ఏం తెలుస్తుంది? భౌతిక సూత్రాల మీద కట్టిన నమూనాకైతే కనీసం నీరు ఎక్కడికీ మాయం కాదన్న సంగతి తెలుసు.

ఈ వాదనను అమెరికాలో జొనాథన్ ఫ్రేమ్, సహచరులు నేరుగా పరీక్షించి 2022లో ప్రచురించారు. నేర్పే సమాచారంలోంచి పెద్ద వరదలను కావాలనే తీసేశారు. అయినా ఎల్‌ఎస్‌టీఎం వాటిని శాక్రమెంటో నమూనా కన్నా, అమెరికా జాతీయ జల నమూనా కన్నా బాగానే అంచనా వేసింది. ఇంకా విచిత్రం ఏమిటంటే, వచ్చిన నీరు పోయిన నీరు సరిపోవాలన్న నియమాన్ని యంత్రం మీద బలవంతంగా పెడితే పెద్ద వరదల దగ్గర దాని పనితనం కొంచెం తగ్గింది. వాన లెక్కలోనే తప్పులుంటాయి కాబట్టి, ఆ తప్పుడు లెక్కకు కట్టుబడి ఉండమనడం యంత్రానికి సంకెలగా మారుతుందన్నది దీనికి ఒక వివరణ. తమ సమీకరణాల్లో లోపం ఎంత, కొలతల్లో లోపం ఎంత అని జలశాస్త్రజ్ఞులు మళ్లీ వెతుక్కోవాల్సి వచ్చింది.

పట్నా నుంచి ప్రపంచానికి

ఈ పద్ధతి ప్రయోగశాల దాటి జనం దగ్గరకు రావడంలో మన దేశానికి భాగం ఉంది. గూగుల్ వరద హెచ్చరికల ప్రయోగం 2018లో పట్నా ప్రాంతంలో, కేంద్ర జల సంఘంతో కలిసి మొదలైంది. మొదట్లో కొలతలున్న నదులకే పరిమితమైన ఆ పని, క్రాట్జెర్ట్ లాంటి వాళ్లు అందులో చేరాక దారి మార్చుకుంది.

2024 మార్చిలో గ్రే నియరింగ్ నాయకత్వంలోని బృందం ‘నేచర్’ పత్రికలో ఫలితాలు ప్రకటించింది. ప్రపంచవ్యాప్తంగా 5,680 కొలత కేంద్రాల సమాచారంతో యంత్రానికి నేర్పి, చూడని నదుల మీద పరీక్షించారు. ఐరోపా సంస్థలు నడిపే గ్లోఫాస్ వ్యవస్థ ‘ఈ రోజు వరద ఉందా’ అన్నదాన్ని ఎంత నమ్మకంగా చెబుతుందో, ఈ యంత్రం అయిదు రోజుల ముందు అంతే నమ్మకంగా చెప్పగలిగింది. ఈ మెరుగుదల ఎక్కువ మేలు చేసేది కొలత కేంద్రాలు తక్కువగా ఉన్న ఆఫ్రికా, ఆసియా ప్రాంతాలకే.

మరి బుడమేరుకు పనికొస్తుందా

ఇక్కడే జాగ్రత్తగా మాట్లాడాలి. అయిదు రోజుల ముందు హెచ్చరిక అన్నది పెద్ద నదుల మాట. వాటిలో నీరు రోజుల తరబడి ప్రయాణిస్తుంది. కొండవాగుకు అంత గడువు ఉండదు. దానికి ముందు హెచ్చరిక కావాలంటే వాననే ముందుగా పట్టుకోవాలి.

వాన అంచనాలోనూ ఏఐ దూసుకొచ్చింది. 2023లో హువావే సంస్థ పాంగు-వెదర్, డీప్‌మైండ్ సంస్థ గ్రాఫ్‌కాస్ట్ అనే నమూనాలను ప్రకటించాయి. గ్రాఫ్‌కాస్ట్ 39 ఏళ్ల వాతావరణ సమాచారం చదువుకుని, పది రోజుల అంచనాను నిమిషం లోపే ఇస్తుంది. అదే పని పాత పద్ధతిలో సూపర్ కంప్యూటర్లకు గంటల పని. ఐరోపా వాతావరణ కేంద్రం 2025 ఫిబ్రవరిలో తన ఏఐ నమూనాను రోజువారీ వాడుకలోకి తెచ్చింది. మన దేశంలో 2025 ఖరీఫ్‌కు ముందు కేంద్ర వ్యవసాయ శాఖ ఇలాంటి నమూనాల సాయంతో, వాతావరణ శాఖ 125 ఏళ్ల వర్షపాత రికార్డులను జోడించి, రుతుపవనాలు ఎప్పుడు వస్తాయో 13 రాష్ట్రాల్లో సుమారు 3.8 కోట్ల రైతులకు ఎస్‌ఎంఎస్‌లు పంపింది. దుక్కి ఎప్పుడు దున్నాలి, విత్తనం ఎప్పుడు వేయాలి అనేదానికి ఈ అంచనా సరిపోతుంది.

కానీ గ్రాఫ్‌కాస్ట్ భూమిని చూసే గడి ఒక్కోటి దాదాపు 28 కిలోమీటర్లు. మైలవరం నుంచి వెలగలేరు వరకు బుడమేరు కొండ ప్రాంతమంతా ఒకటి రెండు గడుల్లో ఇమిడిపోతుంది. ఆ గడిలో కొండకు ఏ వైపు కుండపోత, ఏ వైపు జల్లు అన్నది దానికి పట్టదు. పైగా ఇలా సగటు తప్పును తగ్గించేలా నేర్చుకున్న యంత్రాలు అసాధారణ వానలను కాస్త తగ్గించి చూపిస్తాయి. వరద తెచ్చేది సరిగ్గా ఆ అసాధారణమే.

చిన్న వాగులకు ఇంకో దారి ఉంది. వాతావరణ శాఖకు మచిలీపట్నంలో డాప్లర్ రాడార్ ఉంది. విజయవాడ దాని పరిధిలోనిదే. బ్రిటన్ వాతావరణ సంస్థ, డీప్‌మైండ్ కలిసి 2021లో రాడార్ చిత్రాలతో నేర్పిన యంత్రాన్ని చూపించాయి. అది వచ్చే 90 నిమిషాల్లో వాన మబ్బు ఎటు కదులుతుందో గీస్తుంది. యాభై మందికి పైగా వాతావరణ నిపుణులకు వివిధ పద్ధతుల ఫలితాలు చూపిస్తే, 89 శాతం సందర్భాల్లో ఈ యంత్రాన్నే మొదటి స్థానంలో పెట్టారు. తొంభై నిమిషాలు తక్కువే. కానీ వాగు స్పందించే గంటలను దానికి కలిపితే, లోతట్టు కాలనీల్లో జనాన్ని మేడ ఎక్కించడానికి, కట్ట మీదకు ఇసుక బస్తాలు చేర్చడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది.

నందిగామ, నూజివీడు విద్యార్థి చెప్పిన హద్దు

ఇలాంటి అంచనాలు ఎంతవరకు మెరుగుపడగలవన్న ప్రశ్నకు గణాంక శాస్త్రంలో ఒక పాత జవాబు ఉంది. కొండపల్లి కొండలకు ఒక వైపు నందిగామ, మరో వైపు నూజివీడు. గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు చిన్నప్పుడు ఈ రెండు ఊళ్లలోనూ చదువుకున్నారు. 1945లో, ఇరవై నాలుగేళ్ల వయసులో కలకత్తాలో ఉండగా ప్రచురించిన పరిశోధన పత్రంలో ఆయన ఒక హద్దును నిరూపించారు. చేతిలో ఉన్న సమాచారంతో ఒక విలువను అంచనా వేసేటప్పుడు, ఒక పక్కకు మొగ్గు చూపని పద్ధతి ఎంత తెలివైనదైనా దాని ఊగిసలాట కొంత స్థాయికి మించి తగ్గదు. ఆ స్థాయిని నిర్ణయించేది సమాచారమే. దాన్నే ఇప్పుడు క్రామెర్-రావు హద్దు అంటారు. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంక పురస్కారం దక్కినప్పుడు ప్రస్తావించిన పనుల్లో ఇది ఒకటి. అదే ఏడాది ఆగస్టులో, 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఈ హద్దు దగ్గర నిలబడి చూస్తే ఏఐ చేసిన పని స్పష్టంగా కనిపిస్తుంది. ఒక వాగు దగ్గర రెండేళ్ల కొలతలే ఉంటే, ఆ రెండేళ్ల నుంచి పిండగలిగేది కొంతే. యంత్రం అందులోంచి లేనిదాన్ని పుట్టించలేదు. వేల నదుల కొలతలను తెచ్చి ఈ వాగు లెక్కలో కలిపింది. సమాచారం పెరిగింది కాబట్టి అంచనా మెరుగుపడింది.

జీవశాస్త్రంలోనూ ఇదే జరిగింది. ప్రోటీన్ల ఆకారాలను శాస్త్రవేత్తలు ఎక్స్‌రేలతో, ఇతర పద్ధతులతో ఒక్కొక్కటిగా తేల్చి 1971 నుంచి ఒకే ఉమ్మడి ఖాతాలో జమ చేస్తూ వచ్చారు. సుమారు 1.7 లక్షల ఆకారాలు పోగయ్యాక ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ యంత్రం వాటి నుంచి నేర్చుకుంది. 2022 జులై నాటికి 20 కోట్ల ప్రోటీన్ల ఆకారాలను అంచనా వేసి అందరికీ ఉచితంగా ఇచ్చింది. దాన్ని తయారుచేసిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్ 2024 రసాయన నోబెల్‌లో సగం పంచుకున్నారు. కొత్త ప్రోటీన్లను రూపొందించిన డేవిడ్ బేకర్‌కు మిగతా సగం దక్కింది. ఆ యంత్రం వెనుక యాభై ఏళ్ల పాటు ప్రయోగశాలల్లో కొలిచి, దాచకుండా పంచుకున్న వేలమంది శ్రమ ఉంది.

యంత్రానికి తెలియనివి

2024 వరదలో విజయవాడను ముంచినది వాన ఒక్కటే కాదు. కట్ట తెగింది. గేట్లు ఎత్తారు. పాత ప్రవాహ మార్గం ఇళ్లతో ఇరుకైంది. వాన నుంచి ప్రవాహాన్ని లెక్కగట్టే యంత్రానికి వీటిలో ఏదీ తెలియదు. కొండపల్లి దగ్గర ఏ గంటలో కట్ట తెగుతుందో వేల నదుల చరిత్ర చెప్పదు. ఆ కట్ట ఎక్కడ బలహీనంగా ఉందో ఏటా వానాకాలానికి ముందు దాని మీద నడిచి చూసిన మనిషికే తెలుస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా వచ్చే గోదావరి నీరు కూడా ఈ మళ్లింపు కాలువ మీదుగానే కృష్ణలో కలుస్తుంది. మనిషి తిప్పే గేట్లు, పంపులు కలిసిన ఇలాంటి చోట సహజ ప్రవాహాన్ని నేర్చుకున్న యంత్రం తడబడటం మామూలే.

వరద వచ్చాక మాత్రం ఆకాశం నుంచి సాయం అందుతోంది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో ముంపు పటాలు ఇస్తుంది. 2024లో విజయవాడకూ ఇచ్చింది. మబ్బుల గుండా చూడగల రాడార్ ఉపగ్రహాల చిత్రాల్లో నీటిని, నేలను వేరు చేయడం నాడీజాలాలు ఇప్పుడు చాలా వేగంగా చేసే పనుల్లో ఒకటి. ఇలాంటి పటాలు పోగుపడే కొద్దీ ఏ ఎత్తు నీటికి ఏ వీధి మునుగుతుందో వచ్చేసారి ముందే చెప్పే వీలు పెరుగుతుంది.

మన నదుల సమాచారం శాస్త్రవేత్తలకు అందే తీరు కూడా మారుతోంది. ద్వీపకల్ప భారతంలోని 472 పరివాహక ప్రాంతాల వాన, నేల, వాలు వివరాలను, దొరికినంత మేర ప్రవాహ కొలతలను ఒకచోట చేర్చి క్యామెల్స్-ఇండియా పేరుతో ఈ మధ్యే బహిరంగంగా పెట్టారు. అమెరికా 531 ప్రాంతాల మీద జరిగిన పరీక్షలాంటిది మన కొండలు, మన రుతుపవనాల మీద ఇక్కడి విద్యార్థులే చేయడానికి ఇప్పుడు వీలుంది. బుడమేరు దాకా రావాలంటే కావాల్సిన జాబితా పెద్దదేమీ కాదు: కొండల మీద గంటగంటకూ వాన కొలిచే పరికరాలు, మచిలీపట్నం రాడార్ పాత రికార్డులు, వెలగలేరు దగ్గర నీటిమట్టం, గేట్లు ఎత్తిన వేళల పుస్తకాలు, కాలువ కట్టల ఎత్తుల తాజా సర్వే. వీటిలో కొన్ని కొత్తగా పెట్టాలి, కొన్నింటిని కాగితం మీద నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించాలి.